ప్రయాణికురాలి వస్తువులు

మహిళా హాస్టల్, హైదరాబాద్
10 మార్చి 2008

బాపూ,

ముందు కోపం, ఆ తరువాతే కుశలం.

యాడి పాస్‌పోర్టు వచ్చింది. ఫోటోలో అమ్మ ఎవరినో నిలదీస్తున్నట్లుంది. నా చూపు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది. లోపల ఒక పుటలో ముద్ర కొట్టారు. ఈమె దేశం దాటాలంటే వలస అధికారులు ప్రత్యేకంగా తనిఖీ చేయాలట. కారణం, ఆమె పదో తరగతి చదవకపోవడం. చదువులేని ఆడవాళ్లను గల్ఫ్‌లో ఇంటిపనికని తీసుకుపోయి మోసం చేస్తున్నారు కనుక ఇది రక్షణ అని నాకు వివరించారు. మోసం చేసేవాడి నుదుట వేయవలసిన ముద్రను మోసపోయేవారి పుస్తకంలో వేయడం ఏ రకం రక్షణ? ఈ ఒక్క ప్రయాణానికి ఆ ముద్రను సడలిస్తూ కాగితం ఇమ్మని మూడు కార్యాలయాలు తిరిగాను. ఇస్తామన్నారు. ఇవ్వక చస్తారా?

దీపిక గారిని నీకు గుర్తు చేయనక్కరలేదు. మన తండా అద్దాల కుట్టును మస్కట్ చేతిపనుల ప్రదర్శనకు ఎంపిక చేయించింది ఆమే. యాడి అక్కడ నలుగురి ముందు కూర్చొని కుట్టి చూపాలి. అయితే నిన్న దీపిక గారు ఫోన్ చేసి ఒక సలహా ఇచ్చారు. ప్రయాణంలో యాడి మామూలు నేత చీర కట్టుకొని, అద్దాల రవిక, వెండి, చేతి గాజులు బలియాలు అన్నీ పెట్టెలో సర్దుకోవాలట. విమానాశ్రయంలో యంత్రం కూస్తుందట.

కూయనీ. ప్రదర్శనలో అందరూ చూడాలి కనుక బలియాలు కావాలి, సోదా గడపలో అడ్డం కనుక బలియాలు వద్దు. ఇదేం న్యాయం? పెళ్లినాడు మోచేతి పైకి తొడిగి, భర్త పోయిన నాడు మాత్రమే తీసే బలియాలను ఒక సిపాయి చెప్పాడని విప్పేది లేదు. యాడి ఎలా ఉంటుందో అలాగే విమానం ఎక్కుతుంది. నీవు అడ్డు చెప్పవద్దు.

లాలు కాకా బస్సు బయలుదేరుతోంది. తండాకు సెల్‌ఫోన్ సిగ్నల్ వచ్చేదాకా ఆయన కండక్టర్ సంచే మన తపాలా పెట్టె.

ఎదురువాదం ఉంటే వెంటనే పంపగలవు,
జ్యోత్స్న


తండా, అశ్వారావుపేట దాటినంక
14 మార్చి

బిడ్డా జ్యోతీ,

నీ ఉత్తరం లాలు అశ్వారావుపేట బస్టాండుల ఇచ్చిండు. భద్రాచలం పోతూ ఒకసారి సదివిన, వస్తూ ఒకసారి సదివిన. ఇంటికి వచ్చి మీ యాడికి మన తండా మాటల చెప్పిన. ఆమె అద్దం కుడుతనే ఉన్నది. సూది ఆపలే. అంతా విని ఇట్లన్నది: "చీర కట్టుమంటే కడత. వెండి పెట్టెల పెట్టుమంటే పెడత. బలియాల జోలికి మాత్రం రావద్దను."

ఈ మాట తండా పెద్ద నాయక్ వీరన్న చెవుల పడ్డది. ఆయన మన అరుగు మీదికే వచ్చి కూసున్నడు. "ఏమయ్యా రూప్‌సింగ్, పెనిమిటి బతికుండంగ తండాల ఎవరన్న బలియాలు తీసిర్రా? నీకు పానం మీద ఆశ లేదా?" అన్నడు. "ఉన్నదే నాయక్, రేపు పొద్దుగాల డ్యూటీ కూడ ఉన్నది" అన్న. మా అమ్మ, మీ దాది, మూలకు కూసొని ఆకు నములుతూ నా దిక్కు చూసి నవ్వింది. ముసల్ది ఎందుకు నవ్విందో నాకు తెలుసు, అది మల్లెప్పుడన్న చెప్త.

ఇప్పుడు నీకు ఎదురువాదం. సోదా అంటే ఏందో నాకు తెల్వదనుకున్నవా? కండక్టర్ డ్యూటీ ఎక్కేముందు నా జేబుల సొంత పైసలు ఎన్నున్నయో డిపోల రాసియ్యాలె. నడిమిట్ల చెకింగోళ్లు ఎక్కితే సంచి కుమ్మరియ్యాలె. అడవి కాడ చెక్‌పోస్టుల రోజూ బండి ఆపుతరు, అందరు దిగాలె, మూటలు ఇప్పాలె. మీ యాడి దిగదు. "ఎండల నిలబడుడు నాతోని కాదు బిడ్డా, కావాల్నంటే ఎక్కి చూస్కోండ్రి" అంటది. ఆ పోలీసు పిలగాండ్లు నవ్వుకుంట ఎక్కి చూసి దిగుతరు. గొంతు లేపదు. కొట్లాడదు. బలియాలు ఉన్నకాడనే ఉంటయి.

అందుకే అడుగుతున్న. కాయితం మీద ఏమున్నదో కాదు, విమానం కాడ నిలబడ్డోళ్లు నిజంగ ఏమంటరు? పోయొచ్చినోళ్లను ఎవరినన్న అడిగినవా?

జెర నిదానంగ సదువు.
మీ బాపు


హైదరాబాద్
19 మార్చి

బాపూ,

నీ ప్రశ్న తెలివైనదే కాని సరైనది కాదు. అక్కడ నిలబడ్డవారు ఏమంటారన్నది వారి సమస్య. మనం ఏమనాలన్నదే నా సమస్య.

చెక్‌పోస్టు దగ్గర యాడి ఎండలోకి దిగకపోవడం ఆమె చమత్కారం. అది ఆ పిల్లల మంచితనం మీద ఆధారపడి ఉంది. మరునాడు వేరే సిపాయి వస్తే? మంచితనం బదిలీ అవుతుంది, హక్కు కాదు. నేను యాడికి హక్కును అలవాటు చేయాలనుకుంటున్నాను.

కనుక ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించు. వలస అధికారి ఎక్కడికి పోతున్నావని అడిగితే, ప్రదర్శనకని చెప్పి నేనిచ్చే కాగితం చూపాలి. యంత్రం కూస్తే భయపడకూడదు. అది రవికకు కుట్టిన బిళ్లలకు కూసే కూత. బలియాలు తీయమంటే తీయనని చెప్పాలి. ఇవేమిటని అడిగితే తల దించుకోకూడదు. తక్కినవి ఖమ్మం బజారు ప్లాస్టిక్ అయినా, పైనున్న ఆ రెండూ దాది అమ్మగారి నాటివి కదా. "అచ్చమైన ఏనుగు దంతం, మా ముసలమ్మది, మూడు తరాలుగా మా చేతుల మీద ఉంది" అని తలెత్తి చెప్పాలి. ఈ మాట ఆమెకు హిందీలో కూడా రావాలి. నీవు రెండు పూటలా చెప్పించు.

ఇంకో సంగతి. వచ్చే నెల మొదట్లో మా విశ్వవిద్యాలయాల వాదపోటీ. అంశం: భద్రత పేరిట జరిగే సోదా వ్యక్తి గౌరవానికి భంగమా కాదా. భంగమే అన్న పక్షానికి నేను నాయకురాలిని. యాడి ప్రయాణమే నా ముగింపు వాక్యం. ఇంతకంటే గొప్ప ఉదాహరణ ఎవరి దగ్గర ఉంటుంది?

ఈ నెలాఖరున విమానం. బేగంపేట మూతపడుతోంది, ఇక అన్నీ శంషాబాద్ కొత్త విమానాశ్రయం నుంచే. ఊరికి అంత దూరంలో కట్టి, సోదా ఉంది కనుక మూడు గంటల ముందే రమ్మంటున్నారు. మన ప్రయాణం కంటే వారి అనుమానానికే ఎక్కువ సమయం పడుతుందన్నమాట. యాడిని ముందురోజే బస్సెక్కించు.

వెనక్కి తగ్గని,
జ్యోత్స్న


అశ్వారావుపేట బస్టాండు
30 మార్చి

జ్యోతీ,

నిలబడి రాస్తున్న, అక్షరాలు వంకర పోతయి. మీ యాడి నిన్న లాలు బండి ఎక్కింది కద. ఇయ్యాల నా బండిల ఫారెస్టు ఆఫీసరొకాయన ఎక్కిండు, సెలవు మీద ఊరికి పోతున్నడు. మా ఆవిడ విమానం ఎక్కుతున్నదని గొప్పకు చెప్పిన. దంతం బలియాల ముచ్చట చెప్తే ఆయన మొకం మారింది. "అయ్యో రూప్‌సింగ్, ఏనుగు దంతం దేశం దాటనియ్యరు. పాతదైనా, ఒంటి మీదిదైనా. పట్టుకుంటే కేసు" అన్నడు.

దంతం అని చెప్పుమని నువ్వే నేర్పితివి, నేనే రెండు పూటల చెప్పిస్తి! ఎస్టీడీ బూత్ నుంచి నీ సెల్లుకు మల్ల మల్ల చేసిన. ఆపి ఉన్నదంటది. ఎందుకు ఆపినవ్?

ఇది అందంగనే మీ యాడిని ఆపు. దంతం మాట ఎత్తొద్దని చెప్పు. లాలు ఇయ్యాల సెలవు, వేరేటాయన చేతికిస్తున్న. ఆయనకు నీ హాస్టలు తెలుసో లేదో.

జల్దీ,
బాపు


హైదరాబాద్
1 ఏప్రిల్

బాపూ,

నీ ఉత్తరం ఈ ఉదయం చేరింది. అప్పటికి జరగవలసినదంతా జరిగిపోయింది. సెల్ ఎందుకు ఆపావని అడిగావు. వాదపోటీకి సాధన చేస్తూ ఆపాను.

యాడి క్షేమంగా ఉంది, నా మంచం మీద పడుకొని ఉంది. మస్కట్ పోలేదు.

లోపల ఏం జరిగిందో ఆమె చెప్పినట్టే రాస్తున్నాను. నేను అద్దాల గోడకు ఇవతల ఉన్నాను, చూపే అందుతుంది, మాట వినిపించదు; ప్రయాణికులు కానివారిని గుమ్మం దాటనివ్వరు. పెట్టెలు అప్పగించే వరసలో ఒకసారి, వలస అధికారి ముందు ఒకసారి నిలబెట్టారు. ఆయన ముద్ర చూశాడు, కాగితం చూశాడు, మళ్లీ ముద్ర చూశాడు. "ఎవరింట్లో పనికి పోతున్నావు?" అన్నాడట. యాడి, "నా ఇంటి పనే ఒడుస్తలేదు, మందింట్ల ఎందుకు చేస్త?" అన్నదట. ఆయన నవ్వు ఆపుకొని వదిలేశాడు. సోదా దగ్గర యంత్రం కూసింది. ప్రమీల అనే కానిస్టేబులమ్మ పక్కకు తీసుకుపోయి తడిమి చూసి, బిళ్లలకని గ్రహించి సరేనంది. రవికలో గుచ్చుకున్న సూది మాత్రం తీసుకుంది. యాడికి అన్నిటికంటే ఎక్కువ కోపం ఆ సూది తీసుకున్నందుకే వచ్చింది.

అంతే, బాపూ. బలియాలు తీయమని ఎవరూ అనలేదు. నేను కత్తులు నూరిన చోట ఎవరూ యుద్ధానికే రాలేదు.

అక్కడితో ఆగితే ఆమె ఇప్పుడు మస్కట్‌లో ఉండేది. ప్రమీల వీడ్కోలు చెబుతూ ముచ్చటపడి, ఇవేమిటమ్మా అని అడిగింది. యాడి తలెత్తి, నేను నేర్పినట్టే, హిందీలో కూడా చెప్పింది. ఆ అమ్మాయికి ఏం చేయాలో తోచలేదు. పక్కనున్న కస్టమ్స్ అధికారి వినేశాడు. గదిలో కూర్చోబెట్టారు. కేసు రాయాలని ఒకరు, ముసలమ్మల నాటి వస్తువని ఒకరు. విమానం పోయింది. చివరికి ఒక పెద్దాయన వచ్చి, "తల్లీ, వీటిని ఇంటి దగ్గర పెట్టి రా. లేకపోతే రాకు. ఈ పూట నేను చూడలేదనుకో" అని బయటికి పంపాడు.

ఆమె బయటికి వచ్చి నన్ను ఏమందో తెలుసా? "నేను విమానం ఎక్కెటందుకు పోయిన్నా, నీ పోటీకి పోయిన్నా?"

ఇక నీకు వేయవలసిన ప్రశ్న ఒకటుంది. దీపిక గారు ఈ నెల ఆరుకు టికెట్ మార్పించారు. ప్రదర్శన ఇంకా మొదలు కాలేదు. యాడికి పోవాలని ఉంది; తాను కుట్టినది పరాయివాళ్లు చూస్తే వాళ్ల మొహాలు ఎలా ఉంటాయో చూడాలంటుంది. బలియాల మాట ఎత్తితే మాత్రం ఒకటే జవాబు: "మీ బాపు వస్తే తీస్త. రాకుంటే ఇంటికి పోత."

వినడానికే సిగ్గుగా ఉంది. తన చేతి మీది గాజు తీయడానికి నీ అనుమతి కావాలా? విమానాశ్రయం సోదాలో ఎవరూ అడ్డుపడలేదని తేలాక, అసలు చెక్‌పోస్టు మన ఇంట్లోనే ఉందని తెలిసింది. నీవు రావలసిన పని లేదు. "నీ ఇష్టం" అని రెండు ముక్కలు రాసి పంపు, చదివి వినిపిస్తాను. ఒక మనిషి చేతికి ఇంకో మనిషి సంతకం ఎందుకు?

సమాధానం కోరుతూ,
జ్యోత్స్న


తండా
3 ఏప్రిల్

బిడ్డా,

నీ ఉత్తరం సదివి కోపం రావాలె. నవ్వొచ్చింది. నీకు వాదన వచ్చినంత మంచిగ మీ యాడి మాట వినుడు రాలే.

ఆమెకు నా అనుమతి ఎందుకే? ఇరవై ఐదేండ్లల నన్నేమన్న అడిగి చేసిందా? మస్కట్ పోతనని కూడ ముందు దీపికమ్మకు చెప్పి, మల్ల నాకు చెప్పింది. ఆమెకు కావాల్సింది నా మాట కాదు. నా చెయ్యి.

ముసల్ది ఎందుకు నవ్విందో చెప్తనంటి కద. ఇను. నువ్వు పుట్టేటప్పుడు అడ్డం తిరిగినవ్. అప్పటిసంది ఎదురుతిరుగుడే నీ పని. ఖమ్మం దవాఖానాకు బండి కట్టుకొని పోయినం. ఆపరేషన్ అన్నరు. నర్సమ్మ బలియాలు తీయుమన్నది, చేతికి సూదులు పెట్టాలె, చేతులు వాస్తయి అన్నది. మీ నాని, యాడి తల్లి, దవాఖానా ఎగిరిపోయేటట్టు ఏడ్చింది. మీ యాడి ఆ నొప్పుల మీద కూడ చెయ్యి ముడుసుకొని ఇయ్యలే. డాక్టరమ్మ నన్ను తిట్టబట్టె. నాకేం తోస్తది? నా పుట్టుకల అంత పరేషాన్ ఎన్నడు కాలే.

అప్పుడు మీ దాది సబ్బుముక్క పట్టుకొని ముంగటికి వచ్చింది. ఆ రెండు దంతం బలియాలు జార్చింది. నేల మీద పెట్టలే, సంచిల ఎయ్యలే. నా అంగీ చెయ్యి పైకి మడిచి నాకు తొడిగింది. "బలియా తీసినమన్నదెవరు? చెయ్యి మారింది, అంతే. పెనిమిటి చేతికి ఉన్నంతసేపు పెండ్లాం చేతికి ఉన్నట్టే" అన్నది. అది తండా ఆచారమో, ముసల్ది ఆ గడియల పుట్టించిందో నాకియ్యాల్టికి తెల్వదు. మీ యాడి గప్పుడు చెయ్యి చాపింది. నువ్వు పుట్టినవ్.

కుట్లు ఇప్పేదాక నేను వరండాల బలియాలతోనే కూసున్న. వార్డుబాయి నన్ను 'వదినా' అని పిలిచిండు. నాకు సిగ్గు కాలే. ఒక్కసారి కూడ కాలే. తండాల మాత్రం ఎవరికి చెప్పలే. నాయక్‌కు తెలిస్తే నన్ను అప్పుడే సచ్చినోళ్లల్ల కలుపుతడు.

నేను సెలవు పెట్టిన. అయిదు పొద్దుగూకెటాల్లకు అక్కడుంట. ఒక సబ్బుముక్క కొని పెట్టు. మీ యాడికి సూది కూడ.

వస్తున్న,
మీ బాపు


హైదరాబాద్
8 ఏప్రిల్

బాపూ,

డ్యూటీ ఉందని నీవు బస్సుకు పరుగెత్తావు. తరువాతి సంగతి నీవు చూడలేదు కనుక రాస్తున్నాను.

విమానాశ్రయం బయట చేతులు కడిగే కుళాయి దగ్గర మీరిద్దరూ సబ్బు నురగలో పడ్డ పాట్లు చూసి వాన్ డ్రైవర్లంతా గుమికూడారు. నీ ఖాకీ చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి ఆ రెండూ ఎక్కించుకున్నప్పుడు వాళ్లలో ఒకడు ఈల వేశాడు. నేను వాడితో తగవుకు పోతే నీవే ఆపావు. "వాడు ఈల వేసిండు, నా చెయ్యి కొరికిండా?" అన్నావు. నా నాలుకకు ఇంతవరకు ఎవరూ వేయని కళ్లెం అది.

నీవు వెళ్లాక నేను అద్దాల గోడను పట్టుకొనే నిలబడ్డాను. లోపల వరసలు పాముల్లా మెలికలు తిరిగి ఉన్నాయి. చెప్పులు విప్పించారు, నీళ్ల సీసా పారేయించారు, పెట్టె మళ్లీ తెరిపించారు. అదే ప్రమీల వచ్చింది. ఆమెను చూసి యాడి తనంతట తానే రెండు చేతులూ చాపింది. బలియాలు ఉన్న చోట చర్మం తెల్లగా, రెండు పట్టీలు కట్టినట్టుంది. నేను పుట్టినప్పటి నుంచి ఆమెను చూస్తున్నాను, ఆ చోటును ఎన్నడూ చూడలేదు. ప్రమీల ఏదో అడిగింది. యాడి వెనక్కి తిరిగి, నీవు నిలబడిన చోటు చూపించింది. అప్పటికి నీవు అక్కడ లేవు. ప్రమీల అద్దంలోంచి చాలాసేపు వెతికి, చివరికి నన్నే చూసి చెయ్యి ఊపింది.

వాదపోటీలో ఓడిపోయాం. ముగింపులో యాడి పేరు తీసేశాను. ఆ చోట ఖాళీ మిగిలింది. అవతలి పక్షం వారు చప్పట్లు కొట్టడానికి తొందరపడ్డారు. సోదా గౌరవానికి భంగమేనని ఇప్పటికీ అంటాను. చెప్పులు విప్పి వంగిన ముసలివాళ్లను చూసి కూడా కాదనేవారితో రేపైనా వాదిస్తాను. కాని ఎవరి గౌరవం ఎక్కడ ఉంటుందో ముందు వారినే అడగాలి.

యాడి నిన్న దీపిక గారి ఫోన్ నుంచి మాట్లాడింది. మస్కట్ ఎలా ఉందంటే, "ఎండ మనదే, నీళ్లు మనవి కావు" అంది. తరువాత, "బాపు చేతికి ఉన్నయా?" అని అడిగింది. ఉన్నాయని నీ తరఫున హామీ ఇచ్చాను. చూడకుండా ఇచ్చిన హామీ. ఉన్నాయా?

నీ,
జ్యోత్స్న


తండా
22 ఏప్రిల్

జ్యోతీ,

ఉన్నయి అని రాద్దామనుకుంటనే ఆమె వచ్చేసింది. ఇప్పుడు జరిగింది ఇను. నీతోని నాకు వకీలు పని పడ్డది.

ఇన్ని దినాలు ఖాకీ అంగీ గుండీలు మణికట్టు దాక పెట్టుకొని డ్యూటీ చేసిన. ఎండకాలంల గట్ల చేస్తే అందరికి అనుమానమే. మన డ్రైవర్ బసవపున్నయ్య మధిర దిక్కాయన, మాట మర్యాద. "ఏవండీ రూప్‌సింగ్ గారూ, చేతికి ఏమన్నా దెబ్బ తగిలిందా ఏంటండీ?" అని రోజూ అడుగుతడు. "అవ్, పాత దెబ్బ" అంట.

నిన్న మీ యాడి లాలు బండి దిగి అశ్వారావుపేటల నా బండి ఎక్కింది. చేతుల మీద పైట కప్పుకున్నది. ఆ కప్పుకునుడు చూస్తెనే నాకు మనసున పట్టలే. మన స్టేజీ కాడ దిగేముందే బలియాలు చెయ్యి మారాలె, అవి లేని చెయ్యితోని తండాల అడుగు పెట్టదు. బస్టాండుల్నే ఇద్దామని చూసిన. రావు! ఎండకు నా చెయ్యి వాసింది. గుంజితే తోలు వచ్చేటట్టున్నది గని బలియా రాదు. బండి టైమైంది. బసవపున్నయ్య హారన్ కొడుతున్నడు.

బండి నిండ మంది. అందుల ముంగటి సీటుకు ఎవరున్నరనుకున్నవ్? నాయక్ వీరన్న.

అడవి మొదలైంది. మన స్టేజీ దగ్గర పడుతున్నది. మీ యాడి నా దిక్కే చూస్తున్నది. ఇగ ఆగలేక బోరింగు కాడ బెల్లు కొట్టిన. "ఇక్కడ స్టేజీ లేదు కదండీ!" అని బసవపున్నయ్య. "ఉన్నది, ఇయ్యాల ఉన్నది" అన్న. దిగినం. ఒక పెద్దమ్మ మూటలకెల్లి సబ్బు తీసిచ్చింది. బసవపున్నయ్యే దిగి బోరింగు కొట్టిండు. అంగీ మడిచిన. బండిల ఉన్నోళ్లంత కిటికీలల్ల తలలు పెట్టిర్రు. "ఓయమ్మో, కండక్టర్ చేతికి బలియాలు!" అని ఒకాయన. మీ యాడి ఆయనకే జవాబిచ్చింది: "నా చేతియే. దాచిపెట్టిండు. నీ పెండ్లాంయి నువ్వు దాస్తవా?"

ఆయన తల లోపటికి పోయింది.

సబ్బు రుద్ది రుద్ది ఒకటి జారింది. అది ఆమె చేతికెక్కింది. రెండోది సగంల ఉన్నది, గప్పుడే ఎనుక జీపు ఆగింది. చెకింగోళ్లు! వెంకటరామారావు సారు దిగిండు. కండక్టర్ రోడ్డు మీద మోకాళ్ల మీద కూసొని ఆడమనిషి చెయ్యి కడుగుతున్నడు, డ్రైవర్ బోరింగు కొడుతున్నడు, బండి స్టేజీ లేనికాడ ఆగి ఉన్నది. "ఏం జరుగుతోందయ్యా ఇక్కడ?" అన్నడు. నేను లేవలే. లేస్తే బలియా జారి నేల మీద పడుతది. "సార్, ఒక్క నిమిషం" అన్న. ఆయన నిలబడ్డడు. రెండోది కూడ ఎక్కింది. గప్పుడు లేచి సంచి, టికెట్లు అన్ని చూపిచ్చిన. అన్ని సరిపోయినయి.

నాయక్ ముంగటి సీట్ల కండ్లు గట్టిగ మూసుకొని ఉన్నడు. గురక కూడ పెట్టిండు. మన స్టేజీ రాంగనే నిద్ర లేచి, మీ యాడితోని, "ఏమ్మా చాందీ, ఎప్పుడొచ్చినవ్?" అన్నడు. దిగి నాలుగడుగులు వేసి ఎనుకకు మళ్లి, "రూప్‌సింగ్, అంగీ చెయ్యి దించుకో, ఊరొచ్చింది" అన్నడు.

సారు మంచోడే గని రూలు రూలే. మెమో ఇచ్చిండు. స్టేజీ లేనికాడ బండి ఎందుకు ఆపినవో, మందిని ఎందుకు ఆలస్యం చేసినవో వారం దినాలల్ల సంజాయిషీ రాసియ్యాలె. నేను రాస్తే ముచ్చటైతది. నువ్వు రాయి. గని హక్కులు గిక్కులు పెట్టకు. ఉన్నది ఉన్నట్టు రాయి.

మీ యాడి సూదులు తెచ్చింది, మస్కట్ సూదులు. ఒకటి ఆ ప్రమీలకు ఇయ్యాలంటది.

ఎదురుచూస్తున్న,
మీ బాపు


హైదరాబాద్
24 ఏప్రిల్

బాపూ,

ఐదుసార్లు రాసి చించాను. మొదటిది నాలుగు పుటలు వచ్చింది. అందులో చరిత్ర ఉంది, రాజ్యాంగం ఉంది, నీవు లేవు. చివరికి మీ కండక్టర్ల నియమాల పుస్తకం లాలు కాకా దగ్గర అడిగి తీసుకొని చదివాను. ప్రయాణికులు బస్సులో వదిలిన వస్తువును కండక్టర్ భద్రపరిచి సొంతదారుకు అప్పగించాలని అందులో ఉంది. ఇంతకంటే బలమైన వాదన నాకు దొరకలేదు.

కింద రాసినది శుభ్రంగా ఎత్తి రాసి, సంతకం చేసి డిపోలో ఇవ్వు. ఒక్క మాట కూడా కలపవద్దు. యాడికి ముందు చదివి వినిపించు. ఆమె సరేనంటేనే పంపు.

అయ్యా,

నేను విధి నిర్వహణలో ఉండగా, ఒక ప్రయాణికురాలికి చెందిన రెండు వస్తువులు ఆమె దేశంలో లేని కాలమంతా నా వద్ద ఉన్నవి. వాటిని నేను సంచిలో గాని, పెట్టెలో గాని ఉంచలేదు. ఆమె బస్సు ఎక్కిన పిదప, ఆమె దిగవలసిన స్టేజీ రాకముందే వాటిని అప్పగించవలసి ఉన్నందున, నీళ్లున్న చోట బస్సు ఆపితిని. ఆలస్యమునకు చింతిస్తున్నాను. వస్తువులు రెండును సొంతదారు చేతికి చేరినవి.

ఇట్లు,
రూప్‌సింగ్, కండక్టర్